ఉడుపు పాట మీద కూడా పిహెచ్.డి. చేయవచ్చు!
సంగీతంలో పరిశోధనకు పల్లె పిల్లలు ఎందుకు వెనుకబడుతున్నారు?

విజయనగరం: మడిలో దిగిన ఆడవాళ్లలో ఒకరు పాట ఎత్తుకుంటే తక్కినవారు అందుకుంటారు. పొద్దు వాలేవరకూ నడుము నొప్పి తెలియదు. అమ్మవారి పండగకు తప్పెటగుళ్ల బృందం వస్తే ఊరంతా రచ్చబండ దగ్గరే ఉంటుంది. తెల్లవార్లూ జముకుల కథ వింటారు. ఇదంతా కాలక్షేపమనే అందరూ అనుకుంటారు గానీ ఇది చదువు అని, దాని మీద విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇస్తుందని అనుకునేవారు తక్కువ.

కానీ ఇది కొత్త సంగతేమీ కాదు. వరంగల్లు ప్రాంతపు పల్లెలో పుట్టిన బిరుదురాజు రామరాజు ఊరూరా తిరిగి జనం పాడుకునే పాటలు సేకరించారు. వాటిపై ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. 'తెలుగు జానపద గేయ సాహిత్యము' పేరిట ఆ గ్రంథం 1958లో అచ్చయింది. అయితే ఆయన తెలుగు శాఖ విద్యార్థి. అక్కడ ప్రధానంగా చూసేది పాటలోని మాటను. ఆ పాట ఏ స్వరాల మీద నడుస్తుంది, దరువు ఎక్కడ మారుతుంది అన్నది తేల్చవలసింది సంగీత శాఖలు. ఆ పని ఇంకా ఎంతో మిగిలి ఉంది. ఆ పాటలు వింటూ పెరిగిన పిల్లలే దానికి తగినవారు.

బిరుదు వేరు, పట్టా వేరు

పేరున్న విద్వాంసులకు విశ్వవిద్యాలయాలు గౌరవ డాక్టరేట్లు ఇస్తుంటాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇచ్చే 'కళాప్రపూర్ణ' అటువంటిదే. అది జీవితమంతా చేసిన కృషికి సన్మానం. దరఖాస్తు పెట్టి, పరీక్ష రాసి, ఏళ్ల తరబడి పరిశోధించి, గ్రంథం సమర్పించి సంపాదించుకునేది పిహెచ్.డి. బాగా పాడగలిగినంత మాత్రాన పిహెచ్.డి. రాదు. పాడేదాన్ని విప్పి చెప్పగలగాలి, రుజువు చూపగలగాలి.

పల్లె పిల్లలు ఆగిపోయేది ఎక్కడ?

విజయనగరంలోని సంగీత కళాశాల 1919లో వెలసింది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. మధుకరం ఎత్తుకుని కడుపు నింపుకుంటూ ఘంటసాల చదివింది అక్కడే. అటువంటి కళాశాలల్లో సర్టిఫికెట్, ఆపై డిప్లొమా పూర్తి చేసి, చేతిలో విద్య ఉండి కూడా పిహెచ్.డి. గుమ్మం వద్ద ఆగిపోయేవారు ఉంటారు. కారణం ఒక్కటే. సంగీతం నేర్చుకుంటూ మామూలు చదువు మానేయడం.

పిహెచ్.డి.కి పి.జి. పట్టా కావాలి. పి.జి.కి డిగ్రీ కావాలి. డిగ్రీకి ఇంటర్ కావాలి. ఈ మెట్లలో ఏది దాటవేసినా పైకి దారి లేదు. సన్నాయి, డోలు కుటుంబాల్లో ఈ నష్టం మరీ ఎక్కువ. పెళ్లిళ్ల కాలంలో పిల్లవాణ్ణి బడి మాన్పించి మేళంలో కూర్చోబెడితే ఆ పూటకు నాలుగు రూపాయలు రావచ్చు గానీ ముందు మెట్టు పోతుంది. బడి, సాధన రెండూ సాగేటట్లు చూడవలసింది తల్లిదండ్రులే.

డిగ్రీ వేరే విషయంలో చేసినవారిని సంగీతం సర్టిఫికెట్ లేదా డిప్లొమా ఉంటే ఎం.ఎ. సంగీతంలో చేర్చుకునే చోట్లు ఉన్నాయి. ఈ నిబంధన విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంది గనుక ముందే శాఖకు వెళ్లి అడగడం మేలు. ఈ జిల్లా వారికి దగ్గరలో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సంగీత శాఖ ఉంది. మహిళలకు తిరుపతిలోని శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం ఉంది.

ప్రవేశం ఇలా

యు.జి.సి. 2022 నిబంధనల ప్రకారం పి.జి.లో 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్.సి., ఎస్.టి., క్రీమీలేయర్‌కు చెందని బి.సి., ఆర్థికంగా వెనుకబడిన వర్గాలు, వికలాంగులకు 5 శాతం సడలింపు ఉంది. నాలుగేళ్ల డిగ్రీ 75 శాతం మార్కులతో పూర్తి చేసినవారు కూడా అర్హులే.

విశ్వవిద్యాలయాలు సొంత ప్రవేశ పరీక్ష పెట్టవచ్చు. అందులో సగం పరిశోధనా పద్ధతుల మీద, సగం సబ్జెక్టు మీద ప్రశ్నలు ఉంటాయి. పరీక్షకు 70 పాళ్లు, ఇంటర్వ్యూకు 30 పాళ్లు లెక్క. 2024 నుంచి జాతీయ స్థాయి 'నెట్' మార్కులతోనూ పిహెచ్.డి.లో చేరే వీలు కల్పించారు. ఏటా రెండు విడతలు జరిగే ఈ పరీక్షలో సంగీతం ఒక సబ్జెక్టు. రెండు పేపర్లకు కలిపి మూడు గంటల్లో 150 ప్రశ్నలు, 300 మార్కులు. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు.

చిక్కు ఎక్కడంటే సంగీతం ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. త్యాగరాజ కీర్తనలు తెలుగులో పాడే పిల్లలు వాటి గురించిన ప్రశ్నను మరో భాషలో చదువుకోవాలి. రాగలక్షణాలు నోటికి వచ్చినవారు కూడా ఇక్కడ తడబడవచ్చు. కాబట్టి డిగ్రీ నాటి నుంచే సంగీత పరిభాషను ఇంగ్లీషులోనూ నేర్చుకోవాలి. పాత ప్రశ్నపత్రాలు తిరగేయడం మంచిది. గ్రంథం తెలుగులో రాయనిస్తారో లేదో దరఖాస్తుకు ముందే శాఖలో కనుక్కోవాలి.

అంశమే ఆయువుపట్టు

ఇంటర్వ్యూలో మొదట అడిగేది 'దేని మీద పరిశోధన చేస్తావు?' అనే. 'జముకుల కథ మీద' అంటే సరిపోదు. అది అంశం కాదు, ఊరి పేరు చెప్పినట్లు. ఏ ఇల్లో కూడా చెప్పాలి. కథ చెప్పేటప్పుడు జముకు దరువు ఎలా ఉంటుంది, ఏడుపు ఘట్టం వచ్చేసరికి ఎలా మారుతుంది, ఒక బృందానికీ మరో బృందానికీ తేడా ఏమిటి అని అడిగితే అది పరిశోధన అవుతుంది.

శాస్త్రీయ సంగీతంలోనూ ఇంతే. తిరుమలలో దొరికిన అన్నమయ్య రాగిరేకుల మీద సంకీర్తన ఉంది, రాగం పేరు ఉంది. స్వరం లేదు. పాత వరస దొరకని పాటలకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దలు కొత్తగా స్వరాలు కూర్చారు. ఆనాటి రాగం ఈనాటి రాగం ఒకటేనా అన్న ఒక్క ప్రశ్న మీద ఏళ్లు పనిచేయవచ్చు.

అంశం అనుకున్నాక దాని మీద ఇదివరకే ఎవరైనా గ్రంథం రాశారేమో చూడాలి. దేశంలోని విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు 'శోధ్‌గంగ' అనే ఇంటర్నెట్ భాండాగారంలో ఉచితంగా చదువుకోవచ్చు. ఆ అంశం తెలిసిన గైడు శాఖలో ఉన్నారా, వారి దగ్గర ఖాళీ ఉందా అన్నదీ ముందే తెలుసుకోవాలి. ఒక ప్రొఫెసర్ ఒకేసారి 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6గురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి గైడుగా ఉండరాదు.

ఖర్చు మాటేమిటి?

కోర్సు వర్కుతో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు పడుతుంది. మహిళలకు మరో రెండేళ్లు అదనంగా ఇవ్వవచ్చు. అన్నేళ్లు ఇల్లు గడవడం పేద కుటుంబాలకు పెద్ద ప్రశ్నే. 'నెట్'లో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే, 2023 జనవరి నుంచి పెరిగిన రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000. దీనికి వయసు 30 దాటకూడదు. మహిళలకు, ఎస్.సి., ఎస్.టి., బి.సి.లకు అయిదేళ్ల సడలింపు ఉంది. ఎస్.సి., ఎస్.టి., బి.సి.లకు వేరుగా జాతీయ ఫెలోషిప్పులూ ఉన్నాయి. ఉద్యోగంలో ఉన్నవారు యాజమాన్యం అనుమతి పత్రంతో పార్ట్‌టైంగా చేయవచ్చు.

డబ్బు కడితే ఇంట్లో కూర్చోబెట్టి డాక్టరేటు ఇప్పిస్తామనేవారి మాట నమ్మరాదు. దూరవిద్యలో గానీ, ఆన్‌లైన్‌లో గానీ పిహెచ్.డి. నడపడాన్ని యు.జి.సి. 2022 నిబంధనలు ఒప్పుకోవు. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను కూడా యు.జి.సి. ప్రకటిస్తుంటుంది. కట్టే ముందు ఒకసారి చూసుకోవాలి.

పెద్దల గొంతు పోకముందే

ఇంతకూ అసలు పుస్తకం ఊళ్లోనే ఉంది. పాట తెలిసిన ముసలమ్మ, దరువు తెలిసిన తాత ఉన్నన్నాళ్లే అది తెరిచి ఉంటుంది. ఎం.ఎ. అయ్యేదాకా ఆగనక్కరలేదు. ఇప్పుడు చాలా ఇళ్లలో సెల్‌ఫోన్ ఉంది. వారి అనుమతి అడిగి పాట రికార్డు చేసి, పాడినవారి పేరు, ఊరు, తేదీ, ఏ సందర్భంలో పాడతారో ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచితే చాలు. పదేళ్ల తర్వాత ఆ పిల్లో పిల్లాడో విశ్వవిద్యాలయం గుమ్మం తొక్కినప్పుడు వట్టి చేతులతో వెళ్లరు. గ్రంథం పూర్తయిన నాడు పాట ఇచ్చిన ముసలమ్మ పేరు కూడా అందులో ఉంటుంది.