మీకు తెలుసా? ఏసీ గాలి తగ్గితే ప్రతిసారీ గ్యాస్ అయిపోయినట్టు కాదు

కారు ఏసీ చల్లగానే ఉంది, గాలి మాత్రం సన్నగా వస్తోందా? గ్యాస్ నింపించే ముందు, లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ ధూళితో మూసుకుపోయిందేమో చూడండి. చాలా కార్లలో అది డాష్‌బోర్డులోని గ్లవ్‌బాక్స్ వెనకే ఉంటుంది. రెండు పక్కలా లోపలికి నొక్కితే గ్లవ్‌బాక్స్ కిందికి వాలుతుంది. వెనక సన్నటి ప్లాస్టిక్ మూత, దాని లోపల మడతల ఫిల్టర్. పది నిమిషాల పని, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. కొన్ని మోడళ్ల చవక వేరియంట్లలో ఆ అర ఖాళీగా ఉంటుంది. ఫిల్టర్ విడిగా కొని పెట్టుకోవాల్సిందే.

తీసిన ఫిల్టర్‌ని మెల్లగా తట్టండి, లేదా శుభ్రంగా ఉన్న వైపు నుంచి తక్కువ ఒత్తిడితో గాలి కొట్టండి. నీళ్లతో మాత్రం కడగొద్దు! చాలా ఫిల్టర్ల పోగుల్లో స్థిర విద్యుత్ ఉంటుంది. వెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతు కూడా లేని ధూళిని పట్టుకునేది ఎక్కువగా అదే. తడిస్తే ఆ పట్టు సడలుతుంది, తేమ మిగిలితే బూజు వాసన. బొగ్గు పొర ఉన్నదైతే, వాసనలు పీల్చే శక్తి అయిపోయాక దులిపినా తిరిగి రాదు.

కాబట్టి దులపడం తాత్కాలికమే. మాన్యువల్‌లో చెప్పిన గడువుకి మార్చండి, మట్టి రోడ్లమీద తిరిగే బండైతే ఇంకా ముందే. మామూలు ఫిల్టర్ కొన్ని వందల రూపాయల్లోనే దొరుకుతుంది. పాతది తీసేముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి: అంచుమీద బాణం గుర్తు ఎటు చూస్తోందో, కొత్తదీ అటే చూడాలి.