పంచుకోవడమా, కాపీ కొట్టడమా?

మీ వాడు ఫోనులో కొత్త సినిమా ఎక్కించుకొచ్చి, "అమ్మా, పిన్నికి కూడా పంపనా?" అంటాడు. పంపరా, పోయేదేముంది అంటాం. పొరుగింటికి గిన్నెడు పులుసు పంపినట్టే కదా అనుకుంటాం.

కాదండీ. పులుసు పంపితే మన గిన్నెలో తగ్గుతుంది. పట్టుచీర ఎరువిస్తే అది తిరిగొచ్చేదాకా బీరువాలో ఆ చోటు ఖాళీయే. ఫైలు సంగతి వేరు. మీది మీ దగ్గరే ఉంటుంది, అవతల అచ్చం అలాంటిదే ఇంకొకటి పుడుతుంది. మార్కాపురం పలక మీద ఒక పిల్ల రాసింది పక్క పిల్ల తన పలక మీద దించుకున్నట్టన్నమాట. అందుకే చట్టం దీన్ని కాపీ అంటుంది. 1957 నాటి కాపీరైటు చట్టాన్ని 2012లో సవరించినప్పుడు, సినిమాను ఎలక్ట్రానిక్ పద్ధతిలో దాచిపెట్టడం కూడా ప్రతి తీయడమేనని స్పష్టంగా చేర్చారు.

నలుగురికీ అందేలా నెట్‌లో పెట్టడం మరో తప్పు. ఎవరూ చూడకపోయినా, చూసే వీలు కల్పిస్తే చాలు. టొరెంటులో అయితే మీ పిల్లవాడు దించుకుంటూనే, తనకు తెలియకుండా ఇంకెవరికో ముక్కలు ముక్కలుగా పంపుతుంటాడు కూడా! గిద్దలూరు బజారైనా, ఇంకే ఊరి బజారైనా, సెల్ షాపులో మెమరీ కార్డుకు పాటలు ఎక్కించడమూ ఈ కోవలోదే. పైగా అది డబ్బు తీసుకుని చేసేది.

"స్నేహితుడికే కదా ఇచ్చింది" అంటారా? 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' విడుదలకు ముందే సగానికి పైగా నెట్‌లోకి వచ్చేసింది. ఆ సినిమాకు పనిచేసిన ఒక సహాయకుడి నుంచి స్నేహితుల చేతులు మారుతూ కృష్ణా జిల్లా పెడన దాకా వెళ్లిందని పోలీసులు తేల్చారు. అక్టోబరులో రావలసిన సినిమాను నిర్మాత హడావిడిగా సెప్టెంబరు 27నే విడుదల చేశారు. అది ఆడింది కాబట్టి సరిపోయింది. చిన్న నిర్మాతకే ఆ గతి పడితే?

తెలిసి చేసిన కాపీకి 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి. వ్యాపారం కోసం కాకపోతే కోర్టు శిక్ష తగ్గించవచ్చు గానీ, తప్పు తప్పే. హాల్లో సెల్‌తో సినిమా తీస్తే 2023 సవరణ ప్రకారం జరిమానా 3 లక్షలకు తగ్గదు. సొంత వాడకానికి కొంత మినహాయింపు ఉన్నమాట నిజమే. కానీ అసలే దొంగ ప్రతి తెచ్చుకుని ఆ చాటున నిలబడతామంటే, నాకైతే నమ్మకం లేదు.

మరి మన వంటల మాటో? పత్రికలో చదివిన గోంగూర పచ్చడి చేసుకోండి, మీ మాటల్లో చెల్లెలికీ చెప్పండి. చేసే పద్ధతి మీద ఎవరికీ హక్కు లేదు, రాసిన మాటల మీదే. ఆ పత్రిక మొత్తాన్ని స్కాన్ చేసి వాట్సాప్ గ్రూపులో పెడితే మాత్రం అది కాపీయే.