బండి మీది... మరి చోటు?

తెల్లారి అయిదున్నరకల్లా వీధి మొగలో ఇడ్లీ పాత్ర ఆవిర్లు కక్కుతుంటుంది. ఆరింటికి ఆటోవాళ్ళు, ఏడింటికి కాలేజీ పిల్లలు, ఎనిమిదింటికి ఆవేళ వంట కుదరక పొట్లాలు కట్టించుకెళ్ళే ఉద్యోగస్తులైన ఆడవాళ్ళు. పదయ్యేసరికి గిన్నెలన్నీ తోమేసుకుని, బండి గోడవారకి తోసేసి ఆవిడ ఇంటికెళ్ళిపోతుంది. రేపటికి పప్పు నానబొయ్యాలి కదా! సాయంత్రం సరిగ్గా అక్కడే ఇంకో ఆవిడ బాణలి పెడుతుంది. మిరపకాయ బజ్జీలు, పునుగులు, వానాకాలమైతే పక్కనే మొక్కజొన్న పొత్తులు. ఏ బండి మీద అల్లం చట్నీ బాగుంటుందో, ఏ బండి దగ్గర నూనె నల్లగా ఉంటుందో మనకి బాగా తెలుసు. ఆ ఆరడుగుల చోటు ఆవిడకి ఎవరిచ్చారో మాత్రం తెలీదు. నిజం చెప్పాలంటే చాలామంది బండివాళ్ళకీ తెలీదు.

అడిగి చూడండి. పదేళ్ళ నించీ ఇక్కడే పెట్టుకుంటున్నామంటారు కొందరు. రోజూ డబ్బులు కడుతున్నాం కదండీ అంటారు ఇంకొందరు. ఈ రెండో మాట దగ్గరే చిక్కంతా ఉంది. ఆంధ్రా వైపు ఆశీలు అనీ, తెలంగాణా వైపు తైబజారు అనీ పిలిచే రోజువారీ వసూలు ఎప్పట్నించో వింటున్నదే. మునిసిపాలిటీ దాన్ని వేలం వెయ్యడం, పాడుకున్న కాంట్రాక్టరు మనిషి పుస్తకం చంకలో పెట్టుకుని బండి బండికీ చీటీ చింపి ఇవ్వడం చాలా ఊళ్ళు చూసినవే. ఆ చీటీ ఆ పూట డబ్బు కట్టామని చెప్పే రసీదే గానీ, ఆ చోటు మీద హక్కునిచ్చే కాయితం కాదు. అలాగని పారెయ్యకండి. ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నామని చెప్పుకోవడానికి పనికొచ్చే ఋజువుల్లో అదొకటి. పోపుల డబ్బాలో అయినా సరే, దాచండి.

కాయితం లేకపోతే ఏమవుతుందో 2024 జనవరిలో అందరం చూశాం. హైదరాబాదు మాదాపూర్‌లో రోడ్డు పక్కన అన్నం, కూరలు అమ్ముకునే ఒకావిడకి సోషల్ మీడియా పుణ్యమా అని పేరొచ్చి, జనం విరగబడ్డారు. ట్రాఫిక్ ఆగిపోతోందని పోలీసులు అక్కడ అమ్మకూడదన్నారు. విషయం టీవీలకెక్కింది, ముఖ్యమంత్రి దాకా వెళ్ళింది, ఆయన పాత చోటే అమ్ముకోనివ్వమన్నారు. ఆవిడ కథ సుఖాంతమే, సంతోషం. కానీ ప్రతి బజ్జీల బండికీ ముఖ్యమంత్రి కలగజేసుకోగలడా? ఆయన నోటి మాట అక్కర్లేకుండానే బండి నిలవాలనే కదా పార్లమెంటు చట్టం చేసింది!

అవును, దీనికో చట్టం ఉంది. దానికి ముందు పెద్ద పోరాటమే ఉంది. అహ్మదాబాదులోని మాణెక్ చౌక్‌లో కూరగాయలమ్మే ఆడవాళ్ళు, ఇలా భట్ స్థాపించిన 'సేవ' సంఘం అండతో 1980ల్లోనే సుప్రీంకోర్టు మెట్లెక్కారు. 1989లో సోదాన్ సింగ్ కేసులో, వీధిలో వ్యాపారం చేసుకోవడం కూడా రాజ్యాంగం ఇచ్చిన వృత్తి స్వేచ్ఛలో భాగమేనని సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఫలానా చోటే నాది అనే హక్కు మాత్రం ఎవరికీ లేదు, సర్కారు తగిన ఆంక్షలు పెట్టొచ్చు అని కూడా అంది. ఆ తరవాత జాతీయ విధానాలు రెండు వచ్చాయి, కోర్టు గడువులు పెట్టింది. ఆఖరికి 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. ఆ ఏడాది మే 1 నించీ అమల్లో ఉంది.

చట్టం పెద్దదే గానీ, బండి దగ్గర నిలబడే మనిషికి కావలసింది కొంచెమే. ప్రతి పట్నంలోనూ టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. మునిసిపల్ కమీషనరే దానికి అధ్యక్షుడు. సభ్యుల్లో నూటికి నలభై మందికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళల్లో వాళ్ళే ఓట్లేసి ఎన్నుకోవాలి. ఆ నలభై శాతంలో మూడో వంతు ఆడవాళ్ళు. అంటే ఇరవైమంది కమిటీ అయితే వ్యాపారులు ఎనిమిదిమంది, అందులో ముగ్గురు స్త్రీలన్నమాట. అయిదేళ్ళకి ఒకసారైనా సర్వే చేసి, వీధిలో అమ్ముకునేవాళ్ళని లెక్క కట్టి, వాళ్ళకి సర్టిఫికెట్టు ఇవ్వాలి. జనం వాడుకలో లైసెన్సు అనేది దీన్నే. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఉన్న వ్యాపారుల్ని లేపెయ్యకూడదనీ, చోటు మార్చకూడదనీ చట్టంలో స్పష్టంగా రాశారు. ఈ ఒక్క వాక్యం తెలియక ఎంతమంది తెల్లారేసరికి బండి సర్దేసుకున్నారో!

ఎంతమందికైనా చోటిస్తారా అంటే, దానికీ హద్దుంది. ఊరి జనాభాలో రెండున్నర శాతానికి మించకూడదు. లక్ష జనాభా ఉన్న ఊళ్ళో రెండువేల అయిదొందలమంది అనుకోండి. అందులోనే పూలమ్మే ఆవిడా, చెప్పులు కుట్టే ఆయనా, కూరలబ్బాయీ, మన ఇడ్లీ బండీ అందరూ రావాలి. ఒక వీధిలో చోటు చాలకపోతే చీటీలు వేసి ఇస్తారు. చీటీ తగలనివాళ్ళకి పక్కనున్న జోన్‌లో చూపించాలి.

నాకు భలే నచ్చిన సంగతి ఇంకోటుంది. ఒకే చోటుని వేళల ప్రకారం పంచుకోవచ్చు. పొద్దున్న ఇడ్లీ ఆవిడది, సాయంత్రం బజ్జీల ఆవిడది. తన వేళ అయిపోగానే సరుకంతా తీసేసి చోటు ఖాళీ చెయ్యాలన్నదే షరతు. మన ఆడవాళ్ళు కొన్నేళ్ళుగా మాట మీద నడుపుకొస్తున్న ఏర్పాటే ఇది. చట్టం దానికో పేరు పెట్టింది, అంతే.

ఎవరి పేరు మీద?

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఒక ఇంట్లో భార్యాభర్తలిద్దరూ టిఫిన్ బండి నడుపుతున్నారనుకుందాం. పిండి రుబ్బేదీ, చట్నీ నూరేదీ, నాలుగింటికి లేచి పొయ్యి ముట్టించేదీ ఆవిడ. సర్వేవాళ్ళు పదకొండింటికి వస్తారు. అప్పటికి ఆవిడ ఇంటికెళ్ళిపోయి ఉంటుంది. బండి దగ్గరున్న ఆయన తన పేరు చెబుతాడు, ఫోటో దిగుతాడు. మోసం ఏమీ లేదు, అలవాటు కొద్దీ చెప్పేస్తాడు. రేషన్ కార్డులో, కరెంటు బిల్లులో పేరు ఎలా వచ్చిందో ఇదీ అలాగే.

తరవాత ఆయనకి ఏదైనా అయితే? కాయితం ఉన్న మనిషి చనిపోయినా, మంచాన పడ్డా, ముందు జీవిత భాగస్వామి, లేకపోతే ఆ మనిషి మీద ఆధారపడిన బిడ్డ ఆ చోట వ్యాపారం సాగించవచ్చని చట్టం చెబుతోంది. బాగానే ఉంది. కానీ ఆ సర్టిఫికెట్టు గడువు తీరేదాకానే సుమా! ఆ తరవాత ఆవిడ కొత్తగా అర్జీ పెట్టుకుని, ఇన్నేళ్ళూ ఈ బండి నేనే నడిపానని నిరూపించుకోవాలి. ఆయన బతికుండగానే మనసు మారి ఇంకెక్కడికైనా వెళ్ళిపోతే ఆవిడ సంగతేమిటో చెప్పే మాట ఆ సెక్షన్లో కనిపించదు. కాబట్టి పనిచేసే చెయ్యి ఎవరిదో పేరు వాళ్ళది రాయించడం మేలు. కుటుంబంలో ఎవరైనా సాయం చెయ్యొచ్చని చట్టమే ఒప్పుకుంటోంది గనక, ఆవిడ పేరు మీద ఉన్నంత మాత్రాన ఆయన బండి దగ్గర నిలబడకూడదనేం లేదు. పైగా చోటు కేటాయింపులో స్త్రీలకి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఉంది.

ఒకటి మాత్రం కుదరదు. ఆ కాయితాన్ని అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు. మంచి సెంటరులో చోటు పట్టుకుని, ఎవరో పేదరాలి దగ్గర నెలనెలా బాడుగ గుంజే పెద్దమనుషులు మన ఊళ్ళల్లో లేకపోలేదు. అలాంటి చోట బండి పెట్టి కష్టపడుతున్నవాళ్ళు సర్వే రోజున నోరు విప్పకపోతే ఆ బాడుగ జన్మంతా కట్టాల్సిందే.

కాయితం ఉన్నా కదలమనొచ్చు. రోడ్డు వెడల్పు చెయ్యాలన్నా, మురుగు కాలవ తవ్వాలన్నా తప్పదు మరి. కానీ ముప్ఫై రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు ఎత్తుకెళితే ఏమేం తీసుకున్నారో జాబితా రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. అడిగాక, పాడైపోయే సరుకుని ఆ రోజే, మిగతాది రెండు పని దినాల్లో తిరిగి ఇవ్వాలి. దానికి పెట్టిన రుసుం కట్టాల్సి ఉంటుందనుకోండి. అర్జీ మీద తేల్చకుండా తాత్సారం చేస్తే ఫిర్యాదు వినడానికి వేరే కమిటీ ఉండాలి, దానికి జడ్జీగానో మేజిస్ట్రేటుగానో పనిచేసినవారు అధ్యక్షులు. ఇక సర్టిఫికెట్టు లేకుండా అమ్మితే రెండువేల రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

ఇవన్నీ చదివి, మా గేటుకి అడ్డంగా బండి పెడితే ఊరుకోమంటారా అని మీలో కొందరికి కోపం రావచ్చు. వద్దు, ఊరుకోకండి. ఎంగిలి విస్తళ్ళు కాలవలో పడేస్తే, రాత్రి పదింటిదాకా కిటికీలోంచి మాడు వాసన వస్తే ఎవరికైనా విసుగే. తన చోటూ, చుట్టుపక్కలా శుభ్రంగా ఉంచడం వ్యాపారి బాధ్యతని చట్టంలోనే ఉంది. ఎక్కడ పెట్టొచ్చు, ఎక్కడ కొన్ని వేళల్లోనే పెట్టొచ్చు, ఎక్కడ అసలు పెట్టకూడదు అని ఊరంతా విడదియ్యాల్సిందీ ఆ కమిటీ సలహాతోనే. కాలనీ సంఘాలవాళ్ళకీ అందులో చోటుంది. గేటు దగ్గర రోజూ అరుచుకునే బదులు మీ సంఘం తరఫున అక్కడికి వెళ్ళి చెబితే పని జరుగుతుంది. నా మట్టుకు నేను, వీధి దీపం పక్కన ఒక బండి, దాని చుట్టూ నలుగురు మనుషులు ఉంటే రాత్రిళ్ళు ట్యూషన్ నించి వచ్చే ఆడపిల్లలకి అదే పెద్ద ధైర్యం అనుకుంటాను.

తినుబండారాలు అమ్మేవాళ్ళు ఆహార భద్రత శాఖ నిబంధనలు కూడా పాటించాలి. 2011 నాటి నిబంధనలు ఏడాదికి పన్నెండు లక్షల లోపు అమ్మకం ఉన్న చిన్న వ్యాపారులకి వంద రూపాయల ఫీజు పెట్టాయి. మంచినీళ్ళు వాడటం, వండినవి మూతపెట్టి ఉంచడం, చేతులు శుభ్రంగా ఉంచుకోవడం లాంటివి అందులో షరతులు. అచ్చు సిరా కడుపులోకి పోతుంది గనక బజ్జీలు న్యూసు పేపర్లో కట్టకూడదు. అరటాకు ముక్క ఉండగా మనకి ఆ పేపరెందుకు? ఇక కాగిన నూనె. నురుగు కట్టి, చిక్కబడి, నల్లబడిన నూనెని మళ్ళీ మళ్ళీ వాడకూడదని 2018లో దానికీ కొలత పెట్టారు. ఈ జాగ్రత్త బండివాళ్ళకే కాదు, మన వంటింటి బాణలికీ వర్తిస్తుంది.

కాయితం చేతిలో ఉంటే బ్యాంకు గుమ్మం ఎక్కడమూ సులువే. 2020 జూన్‌లో మొదలైన పి.ఎం. స్వనిధి పథకంలో హామీ లేకుండా మొదట పదివేలు అప్పిచ్చేవారు. 2025 ఆగస్టులో దాన్ని మార్చి మొదటి విడత పదిహేనువేలు, అది తీరిస్తే పాతికవేలు, ఆ తరవాత యాభైవేలు చేశారు. 2030 మార్చిదాకా పొడిగించారు. పొద్దున్న తీసుకుని సాయంత్రం వడ్డీతో కట్టే రోజు అప్పుల్లో మునిగినవాళ్ళకి ఈ తేడా ఎంతో నేను చెప్పక్కర్లేదు.

మీకు బండి ఉంటే ముందు మీ మునిసిపాలిటీలో మెప్మా సెక్షన్‌కి వెళ్ళండి. మీ డ్వాక్రా గ్రూపు లీడరుకి దారి తెలిసే ఉంటుంది. మీ పేరు సర్వే జాబితాలో ఉందో లేదో, ఉంటే ఏ వీధి కింద, ఏ వేళకి రాశారో చూడమనండి. పేరు లేకపోతే వచ్చే సర్వేదాకా ఆగక్కర్లేదు, మధ్యలో కూడా అర్జీ తీసుకునే వీలు చట్టంలో ఉంది. గుర్తింపు కార్డు ఒక్కటే ఇస్తే సర్టిఫికెట్టు ఏదని అడగండి, అవి రెండూ వేరు. అర్జీ ఇచ్చాక నకలు మీద ముద్ర వేయించుకోండి. సర్వేవాళ్ళు వచ్చే రోజు ముందుగా తెలిస్తే ఆ పూట పప్పు నానబొయ్యడం ఇంట్లో ఇంకెవరికైనా అప్పగించి, మీరు బండి దగ్గరే ఉండండి. ఫోటో తీసేటప్పుడు గరిటె పట్టుకుని మీరే నిలబడండి.