పడుకోవడానికి కాని మంచం

మా ఎడ్లపాడులో మంచమంటే నులకమంచం, నవారుమంచం. కాస్త కలిగిన ఇళ్లలో పందిరిమంచం. మా ఇంట్లోనూ ఒక పందిరిమంచం ఉంది. దానిమీద అమ్మమ్మ పెళ్లినాటి ఆకుపచ్చ మఖమలు బాలీసు ఒకటుండేది. దాని సంగతి చివర చెబుతాను.

ఇంగ్లండులో నార్‌ఫోక్ ప్రాంతంలో హౌటన్ హాల్ అనే భవనం ఉంది. ఆ దేశపు మొదటి ప్రధానిగా చెప్పుకునే రాబర్ట్ వాల్పోల్ 1722లో దాన్ని కట్టించడం మొదలుపెట్టాడు. అందులో విలియం కెంట్ రూపకల్పన చేసిన 1732 నాటి మంచం ఒకటుంది. పందిరి, తెరలు అన్నీ ఆకుపచ్చ మఖమలే. తలవైపు పెద్ద ఆల్చిప్ప ఆకారం. అంచుల బంగారు జరీకే 1,219 పౌండ్ల 3 షిల్లింగుల 11 పెన్నీలు అయ్యాయి. మంచం వెల కాదు సుమా, ఒట్టి జరీ వెల!

ఇంత ఖర్చు నిద్ర కోసమా? కానే కాదు. ఫ్రాన్సులో 14వ లూయీ నిద్ర లేచే వేళకు కొలువువారు పడకగదిలో హాజరయ్యేవారు. అంటే మంచమూ ఒకరకం సింహాసనమే. ఇంగ్లండు ప్రభువులూ అదే మర్యాద పట్టుకున్నారు. గొప్పవారు విడిదికి వస్తే చూపడానికి ఇలాంటి మంచాలు సిద్ధం చేశారు. ఏళ్ల తరబడి ఎవరూ పడుకోకపోయినా ఫరవాలేదు. మన ఇళ్లలో అల్లుడొస్తేనే దించే కొత్త పరుపులాగన్నమాట!

మామూలు గుడ్డకు పడుగు ఒకటే. మఖమలుకు రెండు. రెండో పడుగును సన్నని తీగలమీదుగా ఎత్తి నేస్తారు. అలా లేచిన ఉచ్చులను కత్తితో కోస్తే మెత్తని నూగు నిలబడుతుంది. అందుకే పట్టు ఎక్కువ పడుతుంది, వెలా ఎక్కువే.

ఈ పట్టుకు పగవాడు వెలుతురు. రంగు వెలవడం పైకి కనబడే జబ్బు. లోపల పోగు పెళుసెక్కుతుంది. పోయిన బలం మళ్లీ రాదు. అందుకే మ్యూజియాలలో పాత బట్టలున్నచోట వెలుతురు 50 లక్సులకు మించకుండా చూస్తారు. గది చీకటిగా ఉందని మనం సణుగుతాం గాని, ఆ చీకటే దాని ఆయుష్షు.

వాల్పోల్ సేకరించిన చిత్రాలను అతని మనుమడు 1779లో రష్యా రాణి కేథరీన్‌కు అమ్మేశాడు. మంచం మాత్రం ఇంట్లోనే మిగిలింది. మా ఊరి దగ్గరి కొండవీటిమీద రెడ్డిరాజుల కోటగోడలు చూస్తుంటాను. రాయి మిగిలింది. వారు పడుకున్న పాన్పులేవి? కర్రా, గుడ్డా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటేనే నిలుస్తాయి.

ఇక మా బాలీసు. నల్లులు పోతాయని ఏటా వేసవిలో దాన్ని డాబామీద ఎండబెట్టింది నేనే. ఒకనాడు దులుపుతుంటే నూగంతా పొడిపొడిగా చేతికొచ్చింది. అమ్మమ్మ ఏమీ అనలేదు. మిగిలిన ముక్కను పాతపంచెలో చుట్టి పెట్టెలో పెట్టుకుంది. ఆవిడ చేసిందే సరైన పని అని, ఇవన్నీ చదివాక తెలిసింది.

మీ ఇళ్లలోనూ పెళ్లినాటి పట్టుబట్టలు ఉండే ఉంటాయి. ఎండలో మాత్రం వేయకండి. ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, నీడన దాచండి.