ఈల లేని ఆటలరోజు

పోయిన ఏడాది మన సంఘం సంక్రాంతి కలయికలో చిన్నపిల్లల పరుగుపందెం జరిపించే పని నా మీద పడింది. బ్యాంకువాడు కదా, లెక్కగా చేస్తాడని కాబోలు, పెద్దలు ఏటా ఏదో ఒకటి నాకు అంటగడుతుంటారు. సింధనూరులో ఒక బడి మైదానం అడిగి పుచ్చుకున్నాం. 3 నుంచి 6 ఏళ్ళ లోపు పిల్లలు 23 మంది. గీత గీశాం, వరుసగా నిలబెట్టాం, నేను ఈల వేశాను. ఏడెనిమిది మంది పరిగెత్తారు. ఒకడు వాళ్ళమ్మ ఎక్కడుందో చూసుకుని అటు పరిగెత్తాడు. ఇద్దరు అక్కడే కూలబడి మట్టి తవ్వుకోసాగారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

నాలుగేళ్ళు నిండని ఒక పాప మాత్రం ఈల మోతకి చెవులు మూసుకుని గీత మీదే నిలబడి ఏడుస్తోంది. చుట్టూ పెద్దవాళ్ళు "పరిగెత్తమ్మా, పరిగెత్తు" అని కేకలు, చేతుల్లో సెల్‌ఫోన్లు. క్యాంపు నుంచి వచ్చిన ఆ పిల్ల తాతగారు లోపలికి వచ్చి ఎత్తుకున్నారు. వెళ్తూ వెళ్తూ నాతో ఒక్కమాటే అన్నారు: "ఎందుకు పరిగెత్తాలో దానికి ఎవరైనా చెప్పారాండీ?"

నెల తర్వాత పంట రుణం పనిమీద ఆయన బ్యాంకుకి వచ్చినప్పుడు పాప ఎలా ఉందని అడిగాను. ఈల చప్పుడు వినబడితే ఇంట్లోకి పారిపోతోందట. కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నానే గాని తలెత్తి ఆయన ముఖం చూడలేకపోయాను.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. మూడేళ్ళ పిల్లకీ నాలుగేళ్ళ పిల్లాడికీ ఒక్క ఏడాదే తేడా అనుకుంటాం. కాని మూడేళ్ళ పిల్లకి ఆ ఏడాది బతికిన బతుకులో మూడోవంతు. నాకిప్పుడు 55. నా వయసులో మూడోవంతు అంటే 18 ఏళ్ళు. నన్ను 37 ఏళ్ళవాడి పక్కన నిలబెట్టి పరిగెత్తమంటే నేనూ చెవులు మూసుకునేవాణ్ణే.

ఈ ఏడాది పని మళ్ళీ నేనే అడిగి తీసుకున్నాను. ఆటలు పిల్లలకి మాత్రమే కాక ఇంటిల్లిపాదికీ పెట్టాలన్నాను. "పోటీ లేకపోతే అది ఆటేమిటండీ?" అని కమిటీలో ఒకాయన గట్టిగానే అడ్డుపడ్డారు. ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకి పోటీ ఉండాల్సిందే, ఓడిపోవడం కూడా నేర్చుకోవాలి, అందులో నాకు భిన్నాభిప్రాయం లేదు. కాని బాలవాడి వయసు వేరు. అసలు కిండర్‌గార్టెన్ అనే మాటకి అర్థమే పిల్లల తోట. 1837లో జర్మనీలో చిన్నపిల్లల బడి తెరిచిన ఫ్రోబెల్ 1840లో దానికి ఆ పేరు పెట్టాడు. 1844లో ఆయన వేసిన పుస్తకం దేని గురించనుకున్నారు? తల్లులు ఒడిలో బిడ్డలతో ఆడే వేళ్ళాటలూ పాటలూ. అంటే అంత పెద్ద పంతులూ చివరికి అమ్మల దగ్గరికే వెళ్ళాడన్నమాట.

మేమూ అమ్మమ్మల, నాయనమ్మల దగ్గరికే వెళ్ళాం. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయ్యాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఎడమకాలువ కింద నల్లరేగడి కొని, గుడిసెలు వేసుకుని క్యాంపులు కట్టినవాళ్ళు మనవాళ్ళు. గంగావతి కూడా అప్పట్లో మన రాయచూరు జిల్లాలోదే, 1997లో కొప్పళ జిల్లా ఏర్పడ్డాక అటు వెళ్ళింది. ఆ క్యాంపుల్లో పెరిగిన ఆడవాళ్ళని మీ చిన్నప్పటి ఆటలేమిటని అడిగితే ముందు సిగ్గుపడ్డారు, తర్వాత ఆపడం మా వల్ల కాలేదు. ఒప్పులకుప్ప, చెమ్మచెక్క, దాగుడుమూతలు, వామనగుంటలు. తొక్కుడుబిళ్ళ ఆడి చూపించబోయిన ఒక పెద్దావిడని ఆవిడ కోడలు మోకాళ్ళు జాగ్రత్త అని కూర్చోబెట్టింది.

ఇక్కడే నాకొక సంగతి తెలిసింది. మా పక్కింటి కన్నడం అజ్జి ఇవన్నీ వింటూ ప్రతిదానికీ తన పేరు చెప్పసాగింది. మన తొక్కుడుబిళ్ళ వాళ్ళకి కుంటెబిల్లె. ఏడుపెంకులాట లగోరి. అష్టాచెమ్మా చౌకాబార. వామనగుంటలు అళిగుళిమణె, అవే 14 గుంటలు, అవే చింతపిక్కలు. వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు, ఇంట్లో సగం తెలుగుతో పెరుగుతున్న మన పిల్లలకి ఇంతకంటే సులువైన నిఘంటువు ఏముంటుంది? ఆవిణ్ణి కూడా ఆటలరోజుకి పిలిచాం.

ఇక ఏర్పాట్ల సంగతి. జనవరిలోనైనా మన ఊళ్ళో పది దాటితే ఎండ నెత్తిన కూర్చుంటుంది, కాబట్టి ఎనిమిదిన్నరకి మొదలు, పదిన్నరకి ముగింపు. ముందురోజు సాయంత్రం నలుగురం మైదానమంతా చెప్పుల్లేకుండా నడిచాం. పల్లేరుకాయలు ఎన్ని దొరికాయో నా అరికాళ్ళనడగండి. గీతలకి సున్నం వద్దన్నాను, కంట్లో పడితే చూపుకే ప్రమాదం, ముగ్గుపిండి చాలు. నోట్లో చెంచా పెట్టుకుని నడిచే నిమ్మకాయ ఆట తీసేశాం, పడితే చెంచా గొంతులో గుచ్చుకుంటుంది. బెలూన్లూ వద్దనుకున్నాం, పగిలిన ముక్క మింగితే ఊపిరాడదు. అదే భయంతో చింతపిక్కల ఆట పెద్దవాళ్ళ పక్కన కూర్చున్న పిల్లలకే, లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకున్నాం (ఇది మాత్రం బ్యాంకు అలవాటే). ప్రతి ఆరుగురు పిల్లలకీ ఒక పెద్ద. ఈల బదులు చప్పట్లు.

అన్నిటికంటే నవ్వించింది పాదాల నడక. నాన్న పాదాల మీద పిల్ల ఎక్కి నిలబడాలి, చేతులు పట్టుకుని ఇద్దరూ పదడుగులు నడవాలి. పొలంలో ఎకరాలు దున్నేసే మగవాళ్ళు ఆ పదడుగులకి తడబడ్డారు. కుర్చీలాటలో కుర్చీలు తీశాం గాని పిల్లల్ని తీయలేదు. ఉన్నవాటి మీదే ఒళ్ళో ఒకరెక్కి సర్దుకోవాలి. చివరికి నాలుగు కుర్చీల్లో 16 మంది! చెంబుతో నీళ్ళు అందిస్తూ బిందె నింపే ఆట పెడితే, బిందె నిండకముందే బుడతలంతా నిండా తడిశారు. పొడిబట్టలు తెమ్మని ముందుగా చెప్పకపోవడం నా తప్పు. తల్లులు నన్నేమీ అనలేదు గాని చూపులు చాలు.

బహుమతుల పద్దు కూడా మారింది. కిందటేడు మూడు స్టీలు డబ్బాలకి పెట్టిన డబ్బుకి ఇంకాస్త కలిపితే అందరికీ తలో రబ్బరు బంతి వచ్చింది. పిడికిట్లో పట్టనంత పెద్దవి చూసి కొన్నాం, నోట్లో పెట్టుకోకుండా.

ఆ పాప వచ్చింది. మొదటి గంటంతా తాతగారి పంచె పట్టుకుని వెనకే ఉంది. నేను పిలవలేదు, ఎవరినీ పిలవనివ్వలేదు. పాదాల నడక దాదాపు ముగుస్తుండగా ఆయన చెప్పులు విడిచి నా వైపు చూశారు. ఇద్దరూ పదడుగులు నడిచారు. గీత దాటాక కూడా పిల్ల దిగనంది. షామియానా చుట్టూ ఒక చుట్టు తిప్పించుకుంది.

అవతల చాప మీద అజ్జీ, మన నాయనమ్మ ఒకావిడా వామనగుంటల దగ్గర చేరి, పిల్లలు లేచిపోయినా తాము లేవలేదు. ఒకరు కన్నడంలో, ఒకరు తెలుగులో తగువులాడుకుంటున్నారు, పిక్కలెవరు దాచారని. రెండు భాషల్లోనూ లెక్క తప్పు మాత్రం నాదేనని తేల్చారు.

ఆ వామనగుంటల పలక ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. మీ వీధిలో, మీ క్యాంపులో ఎవరైనా ఇలాంటి రోజు జరపదలుచుకుంటే వచ్చి పట్టుకెళ్ళండి. పిక్కలు 70 ఉన్నాయి, తిరిగి 70 ఇవ్వాలి.