చెరువుగట్టు మీద ఒక ఆదివారం

చెరువుకు అవతలి ఒడ్డున ఎవరైనా బట్టలు ఉతుకుతూ ఉంటే, ఇవతలి గట్టు మీద నిలబడి ఎప్పుడైనా గమనించారా? బట్ట బండ మీద పడడం ముందు కనిపిస్తుంది. చప్పుడు ఆ తర్వాత వినిపిస్తుంది. చెరువు పెద్దదైతే మరీ తమాషా. బట్ట తిరిగి తలపైకి లేచిన తర్వాత ‘ధన్’మని మోగుతుంది. బండను తాకని బట్ట ఎలా మోగిందా అని చిన్నపిల్లలు తెల్లబోయి చూస్తారు. మీరు హైస్కూలు విద్యార్థులు కనుక కారణం వెంటనే చెప్పేస్తారు. కాంతి వేగం ఎక్కువ, ధ్వని వేగం తక్కువ. నిజమే. మరి ధ్వని వేగం ఎంత? ‘సెకనుకు సుమారు 340 మీటర్లు’ అంటారు. ఎవరు చెప్పారు? ‘పుస్తకంలో ఉంది మాస్టారూ!’

సరిగ్గా ఈ జవాబు దగ్గరే మా ఆదివారం మొదలైంది.

కొన్నేళ్ల క్రితం నేను ఒక పల్లెటూరి హైస్కూల్లో పనిచేసేవాణ్ణి. తొమ్మిదో తరగతి పిల్లలు విహారయాత్రకు తీసుకెళ్లమని నా వెంటపడ్డారు. బస్సు మాట్లాడాలంటే డబ్బు కావాలి. సగంమంది ఇళ్లలో ఆ డబ్బు లేదని నాకు తెలుసు. ‘మన చెరువుకే పోదాం, మైలు దూరం’ అన్నాను. అందరి ముఖాలూ వాడిపోయాయి. రోజూ చూసే చెరువులో ఏముందని వాళ్ల బాధ. ఇద్దరు మాత్రం ఉత్సాహపడ్డారు, బ్యాటు తెచ్చుకోవచ్చా అని.

బ్యాటు సంగతి నాకు బాగా తెలుసు. ఆదివారం మా బడి వెనక జరిగే ఆటలో బ్యాటు ఎవరిదైతే వాడే ముందు ఆడతాడు. ఇద్దరు ముగ్గురు బంతి వేస్తారు. మిగిలినవాళ్లు తుమ్మచెట్ల కింద ఎండలో నిలబడి బంతి కోసం ఎదురుచూస్తారు. ఆడపిల్లలు గోడ మీద కూర్చుంటారు. కొందరినైతే అసలు పిలవనే పిలవరు. అలా పిలవని పిల్లవాడు ఒకడు మా తరగతిలో ఉండేవాడు. ఎందుకు పిలవరో నేను విడమరచి చెప్పనక్కరలేదు. ఆ కారణం మీ ఊళ్లోనూ ఉండే ఉంటుంది. వాళ్ల నాన్న పెళ్లిళ్లకూ జాతరలకూ డప్పు కొడతాడు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. హాజరు వేసేటప్పుడు తప్ప ఆ పిల్లవాడి పేరు అంతవరకు నా నోట కూడా రాలేదు.

అందుకని ఆడడానికి కాకుండా అందరికీ తలా ఒక పని ఉండేట్టు ఏదైనా చేయాలనుకున్నాను. ‘ధ్వని వేగాన్ని మనమే కొలుద్దాం, స్టాప్‌వాచీ లేకుండా’ అన్నాను. ‘సెల్‌ఫోన్‌లో ఉంటుంది కదా మాస్టారూ’ అన్నారు. ఉంటుంది. కాని చెరువుగట్టు మీద మనకు దొరికే దూరం రెండు మూడు వందల మీటర్లు. చప్పుడు అంత దూరం రావడానికి ఒక సెకను కూడా పట్టదు. కన్ను చూసి, చెవి విని, బొటనవేలు మీట నొక్కేలోగా జరిగే పొరపాటే దానిలో నాలుగో వంతు ఉండవచ్చు. అందుకే వేరే ఉపాయం కావాలి.

ఆ ఉపాయం ఇదీ. ఒక దారానికి చిన్న గుండ్రని రాయి కట్టండి. దారం పట్టుకున్న చోటు నుంచి రాయి మధ్యభాగం వరకు 25 సెంటీమీటర్లు ఉండాలి. దీన్ని కొద్దిగా ఊపితే ఒక కొస నుంచి రెండో కొసకు పోవడానికి దాదాపు సరిగ్గా అరసెకను పడుతుంది. ఊపు క్రమంగా తగ్గినా ఆ కాలం మారదు. లోలకం గొప్పతనం అదే. అనుమానం ఉంటే 120 ఊపులు లెక్కపెట్టి గడియారం చూడండి, నిమిషం అవుతుంది. ఇప్పుడు రాయి ఒక్కో కొసకు చేరినప్పుడల్లా ఒకరు పళ్లెం మీద ఒక దెబ్బ వేయాలి. అంటే సెకనుకు రెండు దెబ్బలు. మిగిలినవాళ్లు ఆ చేతినే చూస్తూ గట్టు వెంట దూరంగా నడవాలి.

దగ్గరున్నప్పుడు దెబ్బా చప్పుడూ ఒక్కసారే. నడుస్తున్నకొద్దీ చప్పుడు వెనకబడుతుంది. ఒక చోటికి వచ్చేసరికి చెయ్యి పైకి లేచి ఉన్నప్పుడు చప్పుడు వినిపిస్తుంది, అచ్చం చాకిరేవులో లాగే. ఇంకా నడిస్తే దెబ్బా చప్పుడూ మళ్లీ కలిసిపోతాయి! కాని మీరు వింటున్న చప్పుడు ఇప్పుడు పడిన దెబ్బది కాదు. దాని ముందు పడిన దెబ్బది. అంటే ఆ చప్పుడు మీ దగ్గరికి రావడానికి సరిగ్గా అరసెకను పట్టిందన్నమాట. అక్కడ ఆగి, ఆ దూరాన్ని కొలిచి, రెండుతో గుణిస్తే సరి. కాంతికి పట్టే కాలాన్ని లెక్కలోకి తీసుకోనక్కరలేదు. ఇంత దూరం రావడానికి దానికి సెకనులో పది లక్షల వంతు కూడా చాలు.

ఈ పనిని ఒంటరిగా చేయలేరని గమనించారా? లోలకం పట్టుకోవడానికి ఒకరు, దెబ్బ వేయడానికి ఒకరు, నడిచి వినడానికి కొందరు, తాడుతో కొలవడానికి ఇద్దరు, రాసుకోవడానికి ఒకరు. నాకు కావలసిందీ అదే.

ఫిబ్రవరి నెల, సాయంత్రం నాలుగు గంటలు. పన్నెండుమంది వచ్చారు. స్టీలు పళ్లెం, గరిటె తెచ్చారు. మొదట బ్యాటు యజమానికే ఆ పని దక్కింది, అలవాటు ప్రకారం. వాడి బలానికి లోటు లేదు గాని తాళం నిలవడంలేదు. పది దెబ్బలయ్యేసరికి రాయి ఒక చోట, గరిటె ఒక చోట. ఇంకొకడు పట్టాడు, వాడిదీ అంతే. పైగా వంద మీటర్లు దాటాక పళ్లెం మోత గాలిలో కలిసిపోయింది. నడిచేవాళ్లు ‘వినబడటంలేదర్రా’ అని అక్కడి నుంచి అరుస్తున్నారు. ప్రయోగం చెడిపోయిందనే అనుకున్నాను.

అప్పుడు ఒక అమ్మాయి ఆ పిల్లవాడి వైపు తిరిగి, ‘మీ ఇంట్లో డప్పుంది కదా, తేరాదూ?’ అంది. వాడు నా ముఖంలోకి చూశాడు. నేను తల ఊపాను. పరుగెత్తి వెళ్లి అరగంటలో తెచ్చాడు.

తెచ్చీ తేగానే కొట్టలేదు. ఎండుగడ్డి పోగుచేసి, చిన్న మంట పెట్టి, డప్పును దానికి కాచాడు. ఎందుకురా అంటే, ‘తోలు మెత్తబడింది సార్, పలకదు’ అన్నాడు. తోలు గాలిలోని తేమను పీల్చుకుని వదులవుతుంది. వేడి తగిలితే ఆ తేమ పోయి బిగుస్తుంది. బిగిసిన తోలు ఎక్కువ వేగంగా కంపిస్తుంది, కంఠం ఖంగుమంటుంది. తన్యత పెరిగితే పౌనఃపున్యం పెరుగుతుందని ఆ తరగతిలో నేను మూడుసార్లు వల్లెవేయించాను. అది వాడి చేతుల్లో ఎప్పటి నుంచో ఉందని నాకు తట్టలేదు.

కుడిచేతి మణికట్టుకు, దూరానికి కనబడేలా, ఒక తెల్లటి చేతిరుమాలు కట్టాం. చిర్ర చేతపట్టుకుని లోలకం వైపు నాలుగైదు ఊపులు చూశాడు. తర్వాత దాన్ని చూడనుకూడా లేదు. పది నిమిషాలు ఒకే నడక, వీసమెత్తు తేడా లేదు. చిటికెన పుల్ల ఊరికే ఉండలేక మధ్యలో పలకబోతే, వద్దు వద్దని నేనే ఆపవలసివచ్చింది.

నడిచిన ఐదుగురూ ఒకరి తర్వాత ఒకరు, దెబ్బా చప్పుడూ కలిశాయనుకున్న చోట పుల్లలు పాతారు. పక్కవాడి పుల్ల చూసి పాతకూడదని ముందే షరతు పెట్టాను. కొలిచే తాడు దగ్గర చిన్న చిక్కు వచ్చింది. ఎవరో నూతి చేద తాడు తెచ్చారు. నైలాను తాడు, లాగితే సాగుతోంది. బిగించీ బిగించకుండా పట్టుకోవడానికి ఆడపిల్లలిద్దరూ చాలా అవస్థపడ్డారు. చివరికి వచ్చిన దూరాలు: 170, 178, 174, 181, 169 మీటర్లు. సగటు 174.4. రెండుతో గుణిస్తే సెకనుకు 348.8 మీటర్లు!

‘పుస్తకంలో 340 కదా, తప్పొచ్చింది’ అని నీరసపడ్డారు. తప్పు కాదు. సున్నా డిగ్రీల దగ్గర ధ్వని వేగం సెకనుకు సుమారు 331 మీటర్లు. ఒక్కో సెంటిగ్రేడు డిగ్రీకి 0.6 మీటరు చొప్పున పెరుగుతుంది. ఆ సాయంత్రం మా ఉష్ణమాపకం 29 డిగ్రీలు చూపింది. లెక్కకట్టండి, 348.4 వస్తుంది. తాడూ, రాయీ, డప్పుతో ఇంత దగ్గరికి రావడంలో కొంత అదృష్టం కూడా ఉంది లెండి. ఒక్కొక్కరి కొలత చూస్తే పన్నెండు మీటర్ల తేడా ఉంది. ఐదుగురి పొరపాట్లూ ఒకదాన్నొకటి చాలావరకు సరిపెట్టాయి.

గట్టు మీద కూర్చుని వేరుశనక్కాయలు తింటూ వాళ్లకు ఒక సంగతి చెప్పాను. మన ప్రాంతాలెన్నో మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలో, మద్రాసు వేధశాలలో జాన్ గోల్డింగ్‌హామ్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. పొద్దునా సాయంత్రమూ సెయింట్ జార్జి కోటలోనూ, సెయింట్ థామస్ కొండ మీదా ఫిరంగులు పేల్చేవారు. వేధశాల నుంచి కోట 4 కిలోమీటర్ల పైచిలుకు, కొండ 9 కిలోమీటర్లు. ఫిరంగి మెరుపు కనబడిన క్షణానికీ మోత వినబడిన క్షణానికీ మధ్య కాలాన్ని 1820, 1821 సంవత్సరాల్లో నెలల తరబడి కొలిపించి, ఫలితాలను 1823లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు. ఎండాకాలంలో వేగం పెరుగుతుందనీ, గాలివాటం వల్ల మారుతుందనీ ఆ కొలతల్లో తేలింది. ‘వాళ్లకు ఫిరంగి, మనకు డప్పు’ అన్నాడు బ్యాటు యజమాని. డప్పు వాయించినవాడు మొదటిసారిగా పైకే నవ్వాడు.

మరుసటి ఆదివారం నేను వెళ్లలేదు. వాళ్లే వెళ్లారు. దారిలో ఆ అబ్బాయి ఇంటి ముందు ఆగి పిలిచారట. ఒకరిద్దరి ఇళ్లలో దీని మీద గొడవ కూడా అయింది. అందులో ఒక పిల్లవాడు ఆ తర్వాత రావడం మానేశాడు. మిగిలినవాళ్లు మానలేదు. గుడి ధ్వజస్తంభం ఎత్తును నీడతో కొలిచారు, చెరువు మీద వాలే కొంగలను లెక్కపెట్టారు. కొంగల లెక్క ఒక్కసారీ కుదరలేదు, ప్రతిసారీ తగాదాయే.

మీరూ మీ స్నేహితులతో ఈ ప్రయోగం చేయాలనుకుంటే, తిన్నగా 200 మీటర్లు సాగే గట్టు గాని బండ్లు తిరగని దారి గాని చూసుకోండి. ఇంట్లో చెప్పి, ఒక పెద్దవారిని వెంట తీసుకెళ్లండి. నీళ్లలోకి మాత్రం దిగవద్దు. పూడిక తీసిన చెరువుల్లో ఒడ్డు పక్కనే నిలువు లోతు గోతులుంటాయి. డప్పు దొరకకపోతే ఖాళీ నూనె డబ్బా పనికొస్తుంది. గాలి వీస్తుంటే డప్పును రెండో కొసకు మార్చి మళ్లీ కొలిచి సగటు తీయండి. జనవరిలో, పొద్దున 18 డిగ్రీల చలిలో ఒకసారి, మే నెలలో 40 డిగ్రీల ఎండలో ఒకసారి చేస్తే, పుల్ల పాతే చోటు ఆరు మీటర్లకు పైగా జరగాలి. మా పిల్లలు మే నెల కొలత తీయలేకపోయారు. ఆ ఏడు ఎండలకు చెరువు ఎండిపోయింది, గట్టు మీద నిలబడడానికి నీడ కూడా లేదు.