మల్లికి ఇల్లు వెతకడం

దొరికిన కుక్కకి నాలుగు రోజులు అన్నం పెట్టడం పెద్ద పని కాదు. దాన్ని చివరిదాకా ప్రేమగా చూసుకునే ఇల్లు వెతకడమే కష్టం. రెండు నెలలుగా నేను ఆ పనిమీదే ఉన్నాను. మనలో చాలామంది ఇళ్ళ ముందు ఏదో ఒక కుక్క తోక ఊపుతూనే ఉంటుంది కాబట్టి, నాకు తెలిసింది మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు మల్లి గురించి. పళ్ళు చూసి డాక్టరు వయసు రెండేళ్ళుండొచ్చన్నారు. తెల్లని ఒళ్ళు, గులాబీరంగు ముక్కు, ఒక చెవి మీద గోధుమరంగు మచ్చ. ఎవరు కూర్చున్నా వెళ్ళి వాళ్ళ మోకాలి మీద గడ్డం ఆనిస్తుంది. మా నాన్న వైపు తెలుగు, అమ్మ వైపు తమిళం. రెండు భాషల్లోనూ పువ్వు గుర్తొచ్చే పేరు కదా అని అవ్వ మల్లి అని పెట్టింది. తమిళంలో ధనియాలనీ మల్లి అంటారు. అందుకే మా పాట్టి దాన్ని పిలిచినప్పుడల్లా సాంబారు పొడి గుర్తొస్తోందని నవ్వుతుంది.

దాని మెడ చుట్టూ గొలుసు ఒరుసుకున్న గుర్తుంది. అంటే ఎవరో పెంచి వదిలేశారన్నమాట. ఈ తేడా తెలుసుకోవాలి. వీధిలో పుట్టి పెరిగిన కుక్కకి ఆ వీధే ఇల్లు. ఎక్కడ తిండి దొరుకుతుందో, ఏ బండి కింద నీడ ఉంటుందో దానికి తెలుసు. అందుకే 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు, వీధి కుక్కకి ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, మామూలుగా పట్టుకున్న చోటే వదలమంటాయి. ఇంట్లో పెరిగిన దాన్ని రోడ్డు మీద వదిలేస్తే దానికి ఆ విద్య రాదు. పెంపుడు జంతువును ఆకలిదప్పులకి వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. ఆ చట్టం రావడానికి మన చెన్నైలో కళాక్షేత్ర స్థాపించిన రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో పెట్టిన బిల్లే కారణం. కానీ అందులో మొదటి తప్పుకి రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. క్యాంటీన్లో ఒక పూట టిఫిన్ ఖర్చు. వదిలేసేవాళ్ళకి భయం ఎందుకుంటుంది?

మల్లి రాజపాళయం క్రాస్ కావచ్చని డాక్టరు అన్నారు. రాజపాళయం మనకి పరాయి ఊరు కాదు, తెలుగు రాజులు వలస వచ్చి స్థిరపడిన ఊరు. అక్కడి తెల్లని వేటకుక్క జాతికి ఆ ఊరి పేరే వచ్చింది. 2005లో తపాలా శాఖ ఆ కుక్క బొమ్మతో స్టాంపు కూడా వేసింది. అయితే ఈ జాతిలో పుట్టు చెవుడు ఎక్కువ. వెంట్రుకకి రంగునిచ్చే కణాలే లోపలి చెవిలోనూ ఉండాలి. అవి లేకపోతే పుట్టిన కొన్ని వారాలకే వినికిడి పోతుంది. మల్లి నిద్రపోతుంటే వెనక నుంచి గిన్నె మీద గరిటెతో కొట్టి చూశాం, కదల్లేదు. డాక్టరు కూడా చూసి చెవుడేనన్నారు. హారన్ వినపడని కుక్క మన రోడ్ల మీద ఎన్నాళ్ళు బతుకుతుంది?

ఇల్లు వెతికే ముందు చేయాల్సినవి మూడు. ఒకటి, టీకాలు: రేబిస్‌కి ఒకటి, డిస్టెంపర్, పార్వో లాంటి జబ్బులకి ఇంకొకటి. దానితోపాటు పురుగుల మందు. రెండు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. ఇది ఇచ్చిన తర్వాత వాళ్ళు చేయించుకుంటారులే అనుకోకూడదు, మన చేతిలో ఉండగానే అయిపోవాలి. మూడు, ఉన్నది ఉన్నట్టు చెప్పడం. "చాలా ముద్దొస్తుంది" అని మాత్రమే రాస్తే పదిమంది వస్తారు, తొమ్మిదిమంది తిరిగి ఇచ్చేస్తారు. నేను "చెవుడు ఉంది, పిల్లిని చూస్తే తరుముతుంది, ఒళ్ళో కూర్చుంటుంది" అని రాశాను. వచ్చింది నలుగురే.

మొదటాయన గోడౌన్‌కి కాపలా కావాలన్నారు. చెవిటి కుక్క కాపలా ఏం కాస్తుంది? పైగా రోజంతా గొలుసే. రెండో ఆవిడ ఫోన్లో, "ఆడదా? అయితే వద్దమ్మా" అని పెట్టేశారు. ఆపరేషన్ అయిందని చెప్పే లోపలే. ఇది నాకు బాగా తగిలింది. ఆడపిల్ల అంటే ఖర్చు అన్న మాట కుక్కదాకా వచ్చిందని మన మేడమ్‌తో అంటే, "ఎక్కడ రాలేదు చెప్పు" అన్నారు. మూడోవాళ్ళు పిల్లాడి పుట్టినరోజుకి కానుకగా అడిగారు. కుక్క పన్నెండేళ్ళు, పద్నాలుగేళ్ళు బతుకుతుంది. కానుక మోజు అంతకాలం ఉండదు.

అవ్వ అన్నట్టు సంబంధానికి అటేడు తరాలు, ఇటేడు తరాలు చూడాలి. నేను అన్ని చూడలేదు గానీ ఈ ప్రశ్నలు మాత్రం అడిగాను. ఇంట్లో అందరికీ ఇష్టమేనా? సొంతిల్లా, అద్దెయితే ఓనరు ఒప్పుకున్నారా? రాత్రి ఎక్కడ పడుకుంటుంది? ఊరెళ్తే ఎవరు చూస్తారు? ఇంతకుముందు కుక్క ఉంటే అదేమైంది? ఆఖరి ప్రశ్నకి జవాబు ఎలా చెప్తారో దాన్ని బట్టే సగం తెలిసిపోతుంది. బస్టాపులోనో గేటు దగ్గరో కుక్కని చేతికివ్వకూడదు. వాళ్ళింటికి వెళ్ళాలి, గోడ ఎత్తు చూడాలి, గేటు సందు చూడాలి.

నాలుగో ఆవిడ రిటైరైన నర్సు, పెరంబూర్‌లో సొంతిల్లు. చెవుడని చెప్తే, "మా ఆయనకీ చివర్లో వినపడలేదమ్మా, సైగలు నాకు అలవాటే" అన్నారు. చెయ్యి పైకెత్తితే కూర్చోవడం, అరచెయ్యి తన వైపు ఊపితే రావడం మల్లికి నేర్పి ఉంచాను. నిద్రలో ఉంటే ఉలిక్కిపడకుండా ముక్కు దగ్గర చెయ్యి పెట్టి లేపాలని, గొలుసు లేకుండా వీధిలోకి వదలొద్దని చెప్పాను. కొత్త ఇంట్లో కుక్కకి భయం పోవడానికి మూడు రోజులు, అలవాట్లు తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు పడుతుందని కుక్కల్ని కాపాడేవాళ్ళు చెప్పే లెక్క. అందుకే ముందే, కుదరకపోతే మూడు వారాల్లో తిరిగి తీసుకుంటానని మాటిచ్చాను. ఆ మాట ఇవ్వకపోతే విసిగినవాళ్ళు మళ్ళీ రోడ్డు మీదే వదులుతారు.

ఇప్పుడు రెండో వారం నడుస్తోంది. మొదటి మూడు రోజులు మంచం కిందే ఉందట. నిన్న ఆవిడ సీరియల్ చూస్తుంటే వచ్చి మోకాలి మీద గడ్డం పెట్టిందట. మా ఇంటి ఓనరు మాత్రం ఈ నెలాఖరు తర్వాత కుక్క ఉండకూడదని చెప్పేశారు. కాబట్టి తిరిగొస్తే దానికి చోటు లేదు. ఆదివారం వెళ్ళి చూసొస్తాను. ఆవిడ సరేనంటే టీకాల కార్డు ఇచ్చి, కార్పొరేషన్ లైసెన్సుకి ఆవిడ పేరు మీద దరఖాస్తు పెట్టి వస్తాను. కాదంటే సోమవారం ఈ గోడ మీదే మల్లి ఫొటో ఉంటుంది. మీ ఇంట్లో కాకపోయినా మీకు తెలిసిన ఇళ్ళలో అడగండి, పైన రాసిన ప్రశ్నలతో సహా.